పత్తిని పిట్ట తినదు, మనమూ తినలేం

(రోహిణి కార్తెలో మా మండల ఆదివాసీ యువజన సమావేశంలో మాట్లాడిన మాటలు. రాసి పెట్టమని కొందరు అడిగారు. చాలావరకు మాట్లాడినట్టే ఉంచాను, అక్కడక్కడా మాత్రం సరిచేశాను.)



తునికాకు కోత అయిపోయింది. కట్టకు ఎంత ఇచ్చారు, కల్లం దగ్గర ఎన్ని కట్టలు పక్కన పడేశారు, బోనస్ ఎప్పుడొస్తుంది, ఆ గొడవ ఇంకో రోజు మాట్లాడుకుందాం. ఇవాళ ఆ ఆకు డబ్బులు ఎటు పోతున్నాయో చెప్పాలని వచ్చాను. పోయిన వారం మండల కేంద్రంలో విత్తనాల షాపు ముందు ఒక గంట నిలబడ్డా. వచ్చినోళ్లలో ఎక్కువమంది మనోళ్లే. ఎండలో వంగి వంగి ఆకు కోసిన డబ్బులు చేతిలో వారం కూడా ఉండకుండా పత్తి ప్యాకెట్లు అయిపోతున్నాయి. నిరుడు ఒక్క ప్యాకెట్ 901 రూపాయలు. దాంట్లో ఉండేది 475 గ్రాముల గింజలు. ఎకరానికి రెండు ప్యాకెట్లన్నా కావాలి. ఆకు డబ్బులు చాలనోళ్లు ఉద్దెర రాయించుకుంటున్నారు. రాయించుకున్నోళ్లు మందుబస్తాలూ అక్కడే తీసుకోవాలి, పండిన పత్తీ అక్కడే పొయ్యాలి. ఇది మీ అందరికీ తెల్సిందే.

ఆ లైన్లో ఒక పెద్దమ్మ కనబడితే అడిగా, "పెద్దమ్మా, ఈసారి కాసిన్ని జొన్నలేమన్నా పెడతన్నావా?" అని. ఆమె నవ్వింది. "జొన్న పెడితే పిట్టల పాలు బిడ్డా. పత్తిని పిట్ట తినదు, పంది తినదు, కోతి తినదు" అంది. నాకు ఎదురు చెప్పడానికి ఏం దొరకలేదు. నిజమే కదా. ఇంటికొచ్చి బువ్వ ముందు కూర్చున్నాకే ఆ మాటలో మిగిలిన సగం తట్టింది. పత్తిని మనమూ తినలేం.

మా నాయనమ్మ పోడు చేను గురించి చెప్తా. అది చిన్నప్పుడు నేను చూసిన చేను, కథ కాదు. జొన్న ముఖ్యం. జొన్న సాళ్ల మధ్య కంది. కంది పక్కన అనుములు, బొబ్బర్లు. గట్టు మీద నువ్వులు. మొద్దుల చుట్టూ గుమ్మడి, దోస, బీర పాకించేది. ఒక మూలకి సామలు, కొర్రలు. గోంగూర ఎక్కడపడితే అక్కడ. చూసినోళ్లకు అడివి లాగా ఉండేది. ఒకసారి వచ్చిన ఒక సారు "ఇదేం వ్యవసాయం, కలుపంతా పెట్టుకున్నారు" అన్నాడు. కానీ ఆ చేను ఒక్కసారి కోసేది కాదు. వానలు పడ్డ నెల రోజులకే కూరాకు వచ్చేది. తర్వాత దోసకాయ, బీరకాయ. సామలు ముందు చేతికొచ్చేవి, తర్వాత కొర్రలు. చలి ముదిరేసరికి జొన్న. చిక్కుడు కాయ కాస్తే పండగ చేసి గానీ నోట్లో పెట్టనిచ్చేవాళ్లు కాదు. ఆఖర్న కంది. కంది అయిపోయేసరికి ఇప్పపువ్వు రాలేది. ఏ నెల్లోనూ ఇల్లు పూర్తిగా ఖాళీ కాదు. మన పండగలు చూడండి. భూమి పండగ, పచ్చ పండగ, కొత్తల పండగ, చిక్కుడు పండగ. ఒక్కో పంటకు ఒక్కో పండగ. ఇప్పుడు కొత్తల పండక్కి కొత్త బియ్యం దుకాణంలో కొనుక్కొచ్చే ఇళ్లున్నాయి. మాదీ అందులో ఒకటి.

1940ల్లో హైమండార్ఫ్ గోదావరి గట్టు కొండల్లో కొండరెడ్ల దగ్గర ఉండి పుస్తకం రాశాడు. 1945లో అచ్చయింది. అందులో పోడు మీద పండించే జొన్నలూ చిరుధాన్యాలూ, జీలుగు చెట్టూ, అడివి గడ్డలూ ఉన్నాయి. పత్తి తెచ్చిన అప్పులు అందులో లేవు. కానీ వ్యాపారుల అప్పు గురించి ఉంది. అంటే అప్పు మనకు కొత్త కాదు. అప్పు చేసి తిండి కాని పంట పెట్టడం మన రెండు తరాల కిందట మొదలైంది. ముందు ఒడ్డున పొగాకు, మిర్చి. తర్వాత సారపాక పేపర్ మిల్లు కోసం జామాయిల్, సుబాబుల్. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక పత్తి. అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి, చెప్పకుండా ఈ విషయం మాట్లాడటం సరికాదు. డిగ్రీ రెండో ఏడు హాస్టల్లో రక్త పరీక్ష చేశారు. నాకు హిమోగ్లోబిన్ 8.4. సికిల్ సెల్ ఉందేమోనని మళ్లీ చేశారు. మన దగ్గర అది ఉంది కాబట్టి ప్రతి ఒక్కరూ చేయించుకోవాలి, పెళ్లికి ముందన్నా చేయించుకోవాలి. నాకు అది లేదు. మామూలు రక్తహీనత. నేను అవాక్కయ్యా. ఎందుకంటే నేను ఆకలితో ఉన్న పిల్లను కాను. మూడు పూటలా అన్నం తిన్నా. మా ఇంట్లో రేషన్ బియ్యానికి ఏనాడూ లోటు లేదు. కడుపు నిండింది, రక్తం నిండలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం. నా 8.4 ఆ లెక్కలోదే.

హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ల పట్టికలు తీసి చూశా. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములు కూడా లేదు. రాగుల్లో 360 పైన. ఇనుము బియ్యంలో ఒక మిల్లీగ్రాము లోపే. జొన్నలో దాదాపు నాలుగు. అయితే జొన్న ఒక్కటే తింటే సరిపోదు. జొన్నలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. పులుపు తోడైతే, అంటే సి విటమిన్ ఉన్నది ఏదైనా కలిస్తే, ఎక్కువ పడుతుంది. జొన్న మాంసకృత్తుల్లో లైసిన్ అనేది తక్కువ, అది కంది, అనుముల్లో దొరుకుతుంది. జొన్న గటక, పక్కన గోంగూర, పైన ఇంత పప్పు. అది నాయనమ్మ చేలోంచి అదే పొద్దున కోసుకొచ్చిన తిండి. ఆ చేను పోయాక ప్లేట్లో అన్నం మిగిలింది, మిగతావన్నీ సంతలో కొనాల్సినవయ్యాయి. కొనేవాటిలో ముందు తగ్గించేది పప్పు. ఎవరి ఇంట్లోనైనా అంతే.

ఈ మాట చెప్తుంటే మా అమ్మ ఒకసారి నన్ను ఆపింది. "నీ కాలేజీ ఫీజు జొన్న కట్టిందా, పత్తి కట్టిందా?" అంది. పత్తే కట్టింది. పత్తి డబ్బులతోనే నేను ఇక్కడ మైకు ముందు నిలబడ్డా. అందుకే పత్తి పెట్టినోళ్లను తిట్టడానికి నేను రాలేదు. తిట్టేవాళ్లుంటే వాళ్లకు నెల జీతం ఉందేమో కనుక్కోండి.

అమ్మ ఇంకోటి కూడా చెప్పింది, అది ఇంకా పెద్ద మాట. జొన్న మానేయడానికి కారణం పిట్ట ఒక్కటే కాదు, రోకలి. సామలు, కొర్రలు దంచి పొట్టు తీయాలంటే ఆడోళ్ల నడుములు విరుగుతాయి. పొద్దున్నే లేచి దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి, ఆ తర్వాత వండాలి, ఆ తర్వాత కూలికి పోవాలి. జొన్నైతే ఇసుర్రాయి. రేషన్ బియ్యం వచ్చినప్పుడు మా అమ్మ తరం ఊపిరి పీల్చుకుంది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది ఆకలి తీర్చడానికే. దాంతోపాటు రోకలి బరువు కూడా దించింది. పాత తిండి గొప్పదని స్టేజీ మీద చెప్పే అన్నలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ తిండి వెనక ఎవరి చేతులున్నాయో ముందు అడగాలి. మంచె మీద కూర్చుని వడిసెల తిప్పిందీ, డబ్బా కొట్టిందీ ఎవరు? పిల్లలు. నా నాలుగో తరగతి దసరా సెలవులన్నీ మంచె మీదే పోయాయి. మళ్లీ పిల్లల్ని బడి మాన్పించి మంచె ఎక్కించమని నేను చెప్పను.

ఇక మార్కెట్. మా రెండెకరాల లెక్క చెప్తా. నిరుడు అక్టోబర్ ఆఖర్న మొంథా తుఫాను వాన పత్తి విచ్చుకున్న టైమ్‌కి పడింది. కాయ నల్లబడింది. మొత్తం పదకొండు క్వింటాళ్లు వచ్చింది. మద్దతు ధర చూస్తే మధ్యరకానికి 7,710, పొడుగు పింజకు 8,110. కాగితం మీద బాగుంది. కానీ తేమ 8 శాతం ఉంటేనే ఆ ధర, 12 దాటితే సీసీఐ కొననే కొనదు. వానలో తడిసిన పత్తి 12 లోపు ఎక్కడుంటుంది? దానికి తోడు నిరుడు ఫోన్‌లో కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. బాకీ ఉన్న షాపాయన ఆరున్నర వేల లెక్కన ఇంటి ముందే కాంటా పెట్టి తీసుకున్నాడు, తరుగు పోను. ఖర్చులన్నీ తీసేస్తే ముగ్గురు మనుషుల ఏడాది కష్టానికి పంతొమ్మిది వేలు మిగిలాయి. అందులోంచే పప్పు, నూనె, కారం, కూరగాయ. పూర్వం ఆ చేలోనే పండినవి.

మిర్చి కథ ఇంకా మీకు చెప్పాలా? 2017 ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో ఏం జరిగిందో ఇక్కడున్న పెద్దోళ్లు చాలామందికి గుర్తుంది. అంతకుముందు ఏడాది పది వేలు దాటిన క్వింటా మూడు వేలకు, ఇంకా కిందికి పడింది. రైతులు తిరగబడ్డారు. తర్వాత పది మందికి బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లారు. ఆ మిర్చి ఏరేదెవరు? ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే మన గొత్తికోయ చుట్టాలు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో గోదావరి ఒడ్డు మిర్చి తోటల నుంచి బీజాపూర్ వైపు నడిచి పోతూ పన్నెండేళ్ల పాప దారిలో చనిపోయింది. తేజ మిర్చి చైనా దాకా పోతుంది. ఏరిన పిల్ల ఇంటిదాకా పోలేకపోయింది.

అడివి సంగతి. పోడు వల్లే అడివి పోయిందని మనల్ని తిడతారు. వాళ్లతో వాదించడానికి మన చేతిలో ఒక బలమైన మాట ఉండేది: మా చేను అడివి లాగే ఉంటుంది అని. ఇప్పుడు ఆ మాట అనగలమా? వాలు మీద సాళ్లు తీసి పత్తి పెడితే తొలి వానకే పైమట్టి వాగులోకి పోతోంది. నాలుగైదు రకాల పంట ఉన్నప్పుడు కొన్ని ఆకులు నేలను కప్పేవి, కొన్ని వేర్లు పైన పట్టుకునేవి, కొన్ని లోపలికి పోయేవి. కంది, బొబ్బర, అనుము వేర్లకు బుడిపెలుంటాయి కదా, అవి గాల్లో నత్రజనిని నేలకు పట్టించేవి. ఆ పని ఇప్పుడు యూరియా బస్తా చేస్తోంది, దానికి లైన్లో నిలబడుతున్నాం. ఇంక గడ్డిమందు. గడ్డిమందు కొట్టిన చేలో తోటకూర లేదు, తుమ్మికూర లేదు, గునుగాకు లేదు. పైసా ఖర్చు లేకుండా ఆడోళ్లు ఒడిలో ఏరుకొచ్చే కూర అది. మందు డబ్బా మీద దాన్ని కలుపు అంటారు.

ఇప్పుడు ఎందుకు ఇదంతా అంటే, టైమ్ దగ్గర పడింది. 2023 జూన్‌లో పోడు పట్టాలు ఇచ్చారు. రాష్ట్రంలో నాలుగు లక్షల పైచిలుకు ఎకరాలు. అన్ని జిల్లాల కంటే ఎక్కువ మన భద్రాద్రి కొత్తగూడెంలోనే. ఆ పట్టాల కోసం మన పెద్దోళ్లు జైళ్లకు పోయారు, ట్రెంచీలకు అడ్డం పడుకున్నారు. తర్వాత 2025 మేలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. 12,600 కోట్లు, ఆరు లక్షల ఎకరాల పోడు పట్టా భూములకు సోలార్ పంపులతో నీళ్లు, పండ్ల తోటలు, పామాయిల్. నీళ్లు వద్దని ఎవరన్నా అంటారా? రావాలి, అందరికీ రావాలి. కానీ నీళ్లతోపాటు ఏ మొక్క వస్తుందో ఎవరు నిర్ణయిస్తున్నారు? పామాయిల్ ఒకసారి పెడితే పాతికేళ్లు. మొదటి మూడు నాలుగేళ్లు గెల రాదు. గెల కోశాక ఒకటి రెండు రోజుల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే పాడవుతుంది. ఆ నాలుగేళ్లు పెట్టుబడి లేనోడు ఏం చేస్తాడు? కౌలుకిస్తాడు. 1/70 చట్టం కాగితం మీద అట్లాగే ఉంటుంది, పట్టా మన పేరు మీదే ఉంటుంది, తోట మాత్రం వేరేవాళ్లది అవుతుంది. మనం మన చేలో కూలోళ్లం. దమ్మపేట వైపు చుట్టాలున్నోళ్లు చెప్పండి, నేను ఎక్కువ చేసి చెప్తున్నానా?

రేషన్ గురించి ఒక మాట చాలామందికి తెలీదు. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం కిలో మూడు రూపాయలు, గోధుమలు రెండు, ముతక ధాన్యం ఒక రూపాయి అని రాసుంది. ముతక ధాన్యం అంటే జొన్న, సజ్జ, రాగి. ఇప్పుడు చట్టం కింద ఇచ్చేది ఉచితమే. కానీ చట్టంలో జొన్న ఉంది, మన డీలర్ దగ్గర లేదు. కర్ణాటకలో రాగులు ఇస్తున్నారు. మన పక్కనే మల్కాన్‌గిరి, అక్కడ మన కోయోళ్లే ఉన్నారు. ఒడిశాలో 2017లో మిల్లెట్ మిషన్ పెట్టినప్పుడు మొదటి ఏడు జిల్లాల్లో మల్కాన్‌గిరి ఒకటి. ప్రభుత్వమే మద్దతు ధరకు రాగులు కొని రేషన్‌లో ఇచ్చింది. మన రాష్ట్రంలోనే జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత ఆడోళ్లు ఊళ్లోనే జొన్న పండించి, ఊళ్లోనే కొని, ఊళ్లోనే పంచుకున్నారు. వాళ్లకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మనకు సన్నబియ్యం వచ్చింది, మంచిదే, నేనూ తింటున్నా. ఆరు కిలోల్లో రెండు కిలోలు జొన్నలివ్వండి, ఆ జొన్నలు మా దగ్గరే కొనండి అని అడగడానికి మనకు అడ్డం ఏముంది?

2025-26లో జొన్నకు మద్దతు ధర 3,699, రాగికి 4,886. సామలకు, కొర్రలకు కేంద్రం మద్దతు ధర ప్రకటించదు. జొన్నకు ధర ఉన్నా మన దగ్గర కొనే సెంటర్ లేకపోతే అది ఉత్త అంకె. 2025 జూన్‌లో ప్రధానమంత్రి రేడియోలో భద్రాచలం అక్కల మిల్లెట్ బిస్కెట్ల గురించి చెప్పారు, లండన్ దాకా పోతున్నాయన్నారు. ఆ అక్కలకు నా జోహార్, నిన్నటిదాకా కూలికి పోయినోళ్లు వాళ్లు. అయితే ఆ బిస్కెట్‌లో పడే జొన్న మన గుట్టల జొన్న కావాలని, లండన్ పోయే ముందు మన అంగన్‌వాడీకి రావాలని నా ఆశ. అది ఆ అక్కల పని కాదు, మనం ఐటీడీఏ ముందు కూర్చుని అడగాల్సిన పని.

ఇంక పెద్దమ్మ చెప్పిన పిట్టల దగ్గరికి వస్తా. దీని మీద చాలా రోజులు ఆలోచించా, నాయనమ్మను అడిగా. ఆమె కాలంలో పిట్టలు లేవా? ఇప్పటికంటే ఎక్కువే ఉన్నాయి. తేడా ఏంటంటే అప్పుడు గుట్టంతా జొన్నే. ఉన్న పిట్టలు వంద చేలల్లో పంచుకుని తినేవి, ఒక్కో చేలో పోయేది కొంచెం. ఇప్పుడు వంద చేలు పత్తి, మధ్యలో ఒక్కరిది జొన్న. చుట్టుపక్కల పిట్టలన్నీ ఆ ఒక్క చేను మీదే పడతాయి. ఆ ఒక్కరు మరుసటి ఏడు మానేస్తారు. ఒక్కో ఇంటికీ విడివిడిగా "మీరు చిరుధాన్యాలు పెట్టుకోండి" అని చెప్తే ఎందుకు పనిచేయలేదో దీంతో నాకు అర్థమైంది. ఇది ఇంటి నిర్ణయం కాదు, ఊరి నిర్ణయం. గ్రామసభలో కూర్చోవాలి. పట్టా ఉన్న ప్రతి ఇల్లూ ఒక అర ఎకరం, అందరిదీ ఒకే గుట్ట పక్కన, ఒకేసారి పెట్టాలి. మిగతాది పత్తి పెట్టుకోండి, నేను కాదనను. కాపలా వంతులవారీగా పెద్దోళ్లు చేయాలి, పిల్లలు కాదు. పందులకు సోలార్ కంచె అడగాలి, పంపులు ఇచ్చేవాళ్లు కంచె కూడా ఇవ్వొచ్చు. అదే తీర్మానంలో పొట్టు తీసే మిషన్ ఊళ్లో కావాలని రాయాలి. మిషన్ రాకపోతే ఈ పంట మళ్లీ మా అమ్మల నడుముల మీదే పడుతుంది, అట్లాగైతే నేనే వద్దంటా. నీళ్ల పథకం కింద ఏ మొక్క పెట్టాలో కూడా ఆ సభలోనే తేలాలి, ఆఫీసులో లిస్టు తయారై వచ్చాక కాదు.

మా ఊళ్లో పోయిన నెల కూర్చున్నాం. నలభై రెండు ఇళ్లలో పదిహేడు ఒప్పుకున్నాయి. మిగతావాళ్లు "ఈ ఏడు మిమ్మల్ని చూస్తాం" అన్నారు. పదిహేడు చాలవని నాయనమ్మ అంటోంది, కనీసం పాతికన్నా ఉంటే పిట్టలు తట్టుకుంటాయట. ఇంకా పది రోజులుంది, తిరుగుతున్నాం.

నాయనమ్మ పొయ్యి మీద అటక దగ్గర సొరబుర్రల్లో విత్తనాలు దాచింది, పొగ పట్టి పురుగు రాకుండా. నేను కాలేజీకి పోయిన ఏళ్లన్నీ ఏటా ఒక గుంటలో పెట్టి, మళ్లీ బుర్రలో పోసుకుంటూ వచ్చిందట, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఎర్ర జొన్న, సామలు, రెండు రకాల అనుములు, బొబ్బర్లు. ఇంకొందరు అవ్వల దగ్గర కొర్రలు, నల్ల కంది దొరికాయి. అవన్నీ వెనక టేబుల్ మీద ఉన్నాయి. ఊరికి ఇద్దరు రండి, పేరు, ఊరు పుస్తకంలో రాయించి తీసుకెళ్లండి. ఎర్ర జొన్న కొంచెమే ఉంది, గుట్ట పక్కన ఎక్కువ ఇళ్లు ఒప్పుకున్న ఊళ్లకు ముందు. కొత్తల పండగ అయ్యాక రెండింతలు తిరిగి తెచ్చివ్వాలి. తెచ్చేటప్పుడు పిట్టలు ఎంత తిన్నాయో కూడా చెప్పండి, నాయనమ్మ అడుగుతుంది.